ముప్పది గడపల పల్లె : ఒక మెట్టసేద్యపు జమాఖర్చు

దేశపటమున పెద్ద నగరములకు పెద్ద చుక్కలును, చిన్న పట్టణములకు చిన్న చుక్కలును పెట్టుదురు. మా పల్లెకు ఏ చుక్కయు లేదు. అనంతపురము జిల్లాలో, కళ్యాణదుర్గమునకు పడమటి దిక్కున, రెండు రాతిగుట్టల నడుమ ముప్పది గడపలతో అది యున్నది. రెవిన్యూ కాగితములలో దానిని వేరొక పెద్ద ఊరికి మజరా యని వ్రాయుదురు. ఒక భజనమందిరము, వేపచెట్టు క్రింద ఒక రచ్చకట్ట, వాన కురిసిన యేట మాత్రమే నిండు ఒక కుంట, మూడు గొట్టపుబావులు, నూట ఎనుబది ఎకరముల ఎర్రనేల, నూట నలుబదిమంది జనము : ఇదియే మా సంస్థానము.

ఇంత చిన్న ఊరిని గూర్చి రేడియోలో చెప్పదగినదేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. దేశము పంటల లెక్క లక్షల టన్నులలో చెప్పబడును. ఆ లక్షలన్నియు ఇట్టి చిన్న కళ్ళములలో తూర్పారబట్టిన గింజలే కదా! పెద్ద లెక్కలో పొరపాటు కనిపించుటకు చాల కాలము పట్టును. చిన్న ఊరిలో అది ఆ యేడే పొయ్యిమీది కుండలో కనిపించును. అందుచేత మా పల్లె జమాఖర్చును దాచకుండ మీ ముందుంచ దలచితిమి.

మొదట జమ సంగతి. మా జమయంతయు వాన. జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమలను ఎక్కునప్పుడే తమ బరువును చాలవరకు దించుకొని, తేలికయై మా మీదుగా పోవును. ఈశాన్యపు మేఘములు తూర్పు తీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. రెండు ఋతుపవనముల దారిలోను మేము కడపటి ఇంటివారము. కడపటి పంక్తిలో కూర్చున్నవానికి వడ్డన ఎట్లుండునో మీకు తెలియనిది కాదు.

ఆ వానయైనను కార్తెల వారీగా పంచి కురియదు. ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదని మా పెద్దలందురు. కాని ఆరుద్రలో కురిసి ఆశ్లేషలో ముఖము చాటువేసిన ఏండ్లు మేమెన్నియో చూచితిమి. మా నేల ఎర్రగరప. చాలచోట్ల అడుగు, అడుగున్నర త్రవ్వినచో రాయి తగులును. నల్లరేగడి నీటిని నెలలతరబడి దాచుకొనగలదు. మా ఎర్రనేల పదునును రెండు వారములకు మించి నిలుపుకొనలేదు. కావున మాకు వాన ఎంత పడినదను ప్రశ్నకంటె, రెండు వానల నడుమ ఎన్ని దినములు ఎండ కాసినదను ప్రశ్నయే ముఖ్యము.

ఇట్టి నేలలో మా పూర్వులు ఎట్లు బ్రతికిరి? ఈ సీమను 1800 లో నిజాము కుంపిణీవారికి ధారాదత్తము చేసెను. అందువలన దీనికి దత్తమండలమను పేరు వచ్చినది. ఆ పేరు నచ్చక 1928 లో నంద్యాలలో కూడిన పెద్దలు రాయలసీమయని పిలుచుకొనిరి. పేరు మారినను కరువు మారలేదు. 1876 లో మొదలై రెండేండ్లు పీడించిన ధాత కరువు మాట మా ముసలివారి నోట నేటికిని వినబడుచుండును. ఆ కరువు చూచినవారెవరును ఇప్పుడు లేరు; కాని దాని భయము మాత్రము సేద్యపు పద్ధతిగా మిగిలినది.

ఆ పద్ధతి ఇట్టిది. ఒకే చేనిలో కొర్ర, సజ్జ, జొన్న వంటి ధాన్యములును, వాని నడుమ సాళ్ళలో కంది, అలసంద, అనుములు, అంచులకు ఆముదము వేసెడివారు. కొర్ర మూడు నెలలలో చేతికి వచ్చును. అలసంద తీగ నేలను కప్పి ఎండ తగులకుండ కాపాడును. కంది వేరు లోతునకు దిగి, మిగిలినవన్నియు కోతకు వచ్చిన పిమ్మట కూడ అడుగున నున్న చెమ్మతో పూతకు వచ్చును. ఏ కార్తె తప్పినను ఏదో ఒకటి నిలుచును. పూర్తిగా పండిన ఏడు గరిసెలు నిండెడివని మేము చెప్పము. పూర్తిగా ఎండిన ఏడును అరుదుగనే వచ్చెడిది. ఆ చేను లాభము కొరకు కాక, ప్రాణము కొరకు కూర్చిన చేను.

తరువాత వేరుశనగ వచ్చినది. ఇది దక్షిణ అమెరికానుండి వచ్చిన పంటయైనను మా ఎర్రనేలకు చక్కగా అమరినది. పూత రాలిన పిమ్మట ఊడ మట్టిలోనికి దిగి కాయ కట్టవలెను గనుక, గుల్లగానుండు నేల దానికి ఇష్టము. కాయ అమ్మిన చేతికి రొక్కము వచ్చును. కట్టె ఎద్దులకు మేత. పిండిచెక్క పాడిపశువునకు బలము. పెండ్లికిని, చదువునకును, ఇంటికప్పునకును రొక్కము కావలసిన కాలము వచ్చినప్పుడు రైతు వేరుశనగను పట్టుకొనుటలో తప్పేమున్నది? 1986 లో భారత ప్రభుత్వము నూనెగింజల సాంకేతిక కార్యక్రమమును ప్రారంభించినది. విత్తనము రాయితీపై దొరకెను. బ్యాంకులో పంట అప్పు వేరుశనగకు సులభముగ పుట్టెను. అనంతపురము జిల్లాలో ఈ ఒక్క పంటయే ఇరువది లక్షల ఎకరములకు చేరువగా వ్యాపించిన సంవత్సరములు కలవు. మా పల్లెలోనైతే నూట ఎనుబది ఎకరములలో నూట అరువదియైదు దానికే ఇచ్చితిమి.

దీనికి తోడు మరియొక మార్పు జరిగినది. 1983 లో రాష్ట్ర ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇయ్యసాగెను. ఆకలితోనున్న ఇండ్లకు అది చేసిన మేలు ఇంతంతయని చెప్పరాదు. ఆ మేలును తినినవారమే గనుక దానిని తక్కువచేసి మాటాడము. కాని కొర్రన్నమును, సజ్జరొట్టెను తినుట బీదతనపు గుర్తుగా మారెను. చుట్టము వచ్చిన నాడు రాగిసంకటి పెట్టుటకు మా ఆడవారు సిగ్గుపడిరి. కంచములోనుండి లేచిపోయిన గింజ చేనిలో ఎంతకాలము నిలుచును? పదేండ్లు గడచుసరికి మా పల్లెలో ఆరిక విత్తనమున్న ఇల్లు ఒకటియు లేకపోయెను.

ఇక ఖర్చు సంగతి చెప్పెదము. జిల్లాలో మెట్టవేరుశనగ దిగుబడి సాధారణపు ఏడున హెక్టారునకు ఐదారువందల కిలోలు. ఎకరమునకు లెక్కకట్టిన 220 కిలోల కాయ యనుకొందము. ఎకరము విత్తుటకు సుమారు 50 కిలోల గింజలు కావలెను. ఆ గింజలు రావలెనన్న 70 కిలోల కాయను ఒలువవలెను. అనగా పండిన మూడు బస్తాలలో ఒక బస్తా మరల మట్టిపాలగుటకే పుట్టినది! మిగిలిన ఒకటిన్నర క్వింటాలును 2024-25 నాటి కనీస మద్దతు ధరయగు 6,783 రూపాయల చొప్పున అమ్మినను పదివేల రూపాయలకు కొంచెము మించును. అందులో దున్నకము, విత్తుడు, కలుపు, పెరికివేత, కాయ విడిపింపు, సంతకు బండి బాడుగ అన్నియు వెళ్ళవలెను. కడకు రైతుకు నికరముగ మిగులునది ఎద్దునకు కట్టె, ఇంటికి ఒక డబ్బా నూనె. పంట బాగున్న ఏడు మాటయిది. ఎండిన ఏడు విత్తనపు అప్పు మాత్రము పచ్చగానుండును.

కొర్ర సంగతి చూడుడు. ఎకరమునకు రెండు కిలోల విత్తు చాలును. పండినది పదుల రెట్లు. పండకపోయినను పోయినది రెండు కిలోలే. ఈ లెక్క మా పెద్దలకు తెలియును. మేము మరచితిమి. మరచుటకు మాకు తోడ్పడినవారు చాలమంది కలరు గాని, మరచినవారము మేమే.

వేరుశనగ ధర కూడ మా చేతిలో లేదు. 1994 లో పామోలిన్ నూనె దిగుమతికి తలుపులు తెరచినారు. పట్టణములోని వంటింటికి నూనె చవుకగ దొరకెను. ఆ చవుకదనము ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చెల్లింపవలసినదే. దానిలో కొంత మా పల్లె చెల్లించినది.

2000 సంవత్సరపు సంగతి ఇంకొక పాఠము. ఆ యేట ఖరీఫులో మా జిల్లాలో వేరుశనగకు కాండము కుళ్ళు తెగులు సోకి, సుమారు రెండు లక్షల పాతిక వేల హెక్టార్లలో పైరు దెబ్బతినెను. నష్టము మూడువందల కోట్ల రూపాయలకు పైబడినదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. మొదట మేము దానిని గాలిదోషమంటిమి. పరిశోధకులు చెప్పినదేమనగా, అది ఒక వైరసు. మన గట్లమీదను, బీళ్ళలోను విచ్చలవిడిగ పెరుగు వయ్యారిభామ మొక్కలో ఆ వైరసు ఏ గుర్తును చూపకుండ దాగియుండును. దాని పుప్పొడిని ఒంటికి అంటించుకొని తామరపురుగులు వేరుశనగ లేత ఆకులపై వ్రాలును. పురుగు ఆకును గీరినచోట పుప్పొడిలోని వైరసు లోపల జొరబడును. దీనికి వారు చెప్పిన ఉపాయములలో గట్లమీది వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుట ఒకటి. చేను చుట్టును జొన్న, సజ్జ సాళ్ళు గోడవలె వేయుట రెండవది. ఆ మాట వినగనే మా పల్లె ముసలివారు నవ్విరి. ఆ సాళ్ళను ఇరువది యేండ్ల క్రిందట దండుగయని తీసివేసినవారము మేమే కదా!

ఇప్పుడు నీటి లెక్క చూతము. మా తాతల కాలమున ఊరికి నాలుగు కపిలబావులుండెడివి. ఎద్దులు తోలినంతసేపే నీరు వచ్చెడిది. ఎద్దులు అలసిన బావి విశ్రమించెడిది. విద్యుత్తు వచ్చిన పిమ్మట బావికి విశ్రాంతి లేదు. బావులు ఎండిపోయెను, గొట్టపుబావులు వచ్చెను. మొదట రెండువందల అడుగులు, పిదప నాలుగువందలు, ఆ పిదప ఆరేడువందలు. మా పల్లెలో మొత్తము పందొమ్మిది బోర్లు వేసితిమి. నీరున్నవి మూడు. మిగిలిన పదునారును పదునారు ఇండ్ల అప్పులుగ మారి, భూమిలో నిలువుగ పాతుకొనియున్నవి.

ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన సుమారు నాలుగువేల లీటర్ల నీరగును. 550 మిల్లీమీటర్లకు ఇరువదిరెండు లక్షల లీటర్లు. రాతినేలలో ఇందులో పదింట ఒక వంతు భూమిలోనికి దిగినను గొప్ప. అనగా ఎకరమునకు రెండు లక్షల ఇరువది వేల లీటర్లు. ఒక ఎకరము వరి పండుటకు నలుబదియెనిమిది లక్షల లీటర్లు కావలెను. భాగించి చూడుడు : ఒక ఎకరము వరి ఇరువదిరెండు ఎకరముల వాన ఊటను త్రాగివేయును. మా పల్లె నేల మొత్తము కలిపినను ఎనిమిది ఎకరముల వరికి మాత్రమే చాలును. మనిషికి దినమునకు 55 లీటర్ల వంతున మా నూట నలుబదిమంది త్రాగి, వండుకొని, స్నానము చేయు నీరు సంవత్సరమునకు ఇరువదియెనిమిది లక్షల లీటర్లు. ఒక ఎకరము వరి త్రాగుదానిలో సగమునకు కొంచెము మించును. ఈ లెక్క తెలియకముందు మేము మూడు బోర్ల క్రింద ఏడెకరముల వరియు, ఆరెకరముల చీనీతోటయు పెట్టియుంటిమి. వేసవిలో ఆడవారు బిందెలతో ప్రక్క ఊరికి నడచుచుండిరి.

2018 సంవత్సరము మాకు మరపురానిది. జూలైలో పదునుపడెను. ముప్పది గడపలవారును సంతోషముతో కాయ విత్తితిమి. మొలక బాగుండెను. ఊడలు దిగు సమయమునకు వాన నిలిచిపోయెను. నలుబది దినములు ఆకాశము తుడిచిన పళ్ళెమువలె నుండెను. ఊడ గట్టిపడిన నేలలోనికి దిగలేక ఎండలో వ్రేలాడెను. పెరికి చూచిన కాయలు లేవు, లొట్టలు మాత్రమే. గొఱ్ఱెలను తోలి మేపించితిమి. దసరాకు ముందే పదునాలుగు ఇండ్లకు తాళములు పడెను. కొందరు బెంగుళూరికి ఇండ్లు కట్టు పనులకు, కొందరు రాయదుర్గములో జీన్సు కుట్టుపనికి పోయిరి. పిల్లలు బడి మానిరి. పండుగనాడు రచ్చకట్టమీద కూర్చుండినవారు పదిమంది. అందులో తొమ్మిదిమంది ముసలివారు.

ఆ యేట ఊరిచివర ఒక చేనిలో మాత్రము పచ్చదనము నిలిచెను. అది ఒక ఒంటరి అవ్వ చేను. ఎకరమున్నర. ఆమె కొడుకు పట్నమునకు పోయి చాలకాలమైనది. విత్తనము కొను శక్తి లేక, ఆమె ఇంట సొరబుఱ్ఱలో బూడిదయు వేపాకును కలిపి దాచుకొన్న కొర్రలను, నడుమ కందిని వెదజల్లెను. కొర్ర పలుచగ పండెను; కాని పండెను. కంది తరువాత పడిన చిన్న వానకు పూత పట్టెను. మాలో ఒకరు ఆమెనడిగిరి : "అవ్వా, మాకన్నా నీకు ముందే తెలుసా ఈ ఏడు వానరాదని?"

"నాకేం తెలుసు నాయనా! కాయ ఇత్తితే డబ్బొస్తాదో రాదో దేవుడికెరుక. కొర్ర ఇత్తితే కడుపుకొస్తాది. నాకు కావాల్సింది అంతే" అని ఆమె బదులు చెప్పినది.

ఆమె మాటలో శాస్త్రమున్నదని మేము ఆనాడు పొగడలేదు. కొంచెము సిగ్గుపడితిమి. అంతే.

మరుసటి ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగిసిన పిమ్మట ఎవరును లేవలేదు. రచ్చకట్టమీద చీకటిపడువరకు మాటలు జరిగెను. తుదకు నాలుగు కట్టుబాట్లు చేసుకొంటిమి. మొదటిది : ఎవరును క్రొత్త బోరు వేయరాదు. రెండవది : బోరు క్రింద వరి మాని రాగి, కూరగాయలు వేయవలెను. ఒక ఎకరము వరి నీటితో మూడెకరముల రాగి పండును. మూడవది : మెట్టపైరు ఎండు సమయమున మూడు బోర్లవారును ప్రక్క చేలకు ఒకటి రెండు తడులు ఇయ్యవలెను. దానికి మారుగా మిగిలినవారు విద్యుత్ మోటారు మరమ్మతు ఖర్చు పంచుకొనవలెను. నాలుగవది : ప్రతి ఇల్లును కనీసము ఒక ఎకరమున పాత పద్ధతి మిశ్రమపైరు వేసి విత్తనము దాచవలెను. విత్తు లేనివారికి అవ్వ కొర్రలే మొదటి మదుపు. తీసికొన్నవారు ఒకటికి ఒకటిన్నర తిరిగి కొలువవలెను. దీనిని మా పెద్దలు నాగు అనెడివారు. షాహుకారు చేతిలో నాగు బీదవాని గొంతు కోసినది. ఊరుమ్మడి కుండలో అదే నాగు విత్తనమును పెంచినది.

అందరును వెంటనే ఒప్పుకొనిరని చెప్పిన అది అసత్యమగును. చీనీతోట గల రైతు ఎదురుచెప్పెను. "పదేండ్లు బిడ్డల మాదిరి సాకిన చెట్లు. మీ మాట కోసం నరుక్కోమంటారా?" అని ఆయన అడిగినదానికి మావద్ద జవాబు లేకపోయెను. చెట్టును ఎండబెట్టుట న్యాయము కాదు. కడకు తోట పెంచకుండ, ఉన్న చెట్లకు బిందుసేద్యము మాత్రమే చేయునట్లు ఒప్పందము కుదిరెను.

పనులు కూడ కొన్ని జరిగెను. మహాత్మాగాంధి పేరిటి గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2 న మా జిల్లాలోని బండ్లపల్లెలోనే ప్రారంభమైనదని శ్రోతలకు గుర్తుండవచ్చును. ఆ పథకము క్రింద మా పల్లెలో సేద్యపు కుంటలు త్రవ్వితిమి. ఊరి కుంటలోని ఒండ్రుమట్టిని చేలకు తోలితిమి. ఒండ్రుమట్టి పడిన చేనిలో పదును నాలుగైదు దినములు ఎక్కువగ నిలుచుట మేము కన్నులార చూచితిమి. రెండు వానల నడుమ నాలుగైదు దినములనగా మీకు స్వల్పముగ తోచును. ఊడలు దిగువేళ అదియే పంట.

కట్టుబాటునకు అసలు పరీక్ష కరువులో రాలేదు, వానలో వచ్చినది. 2021 నవంబరులో మా జిల్లాలో అతివృష్టి కురిసెను. పెరికి కుప్పవేసిన కాయ మొలకెత్తి నల్లబడెను. కంది పూత రాలెను. కాని కుంట అలుగు పారెను. ఎండిన బోర్లలో రెండు మరల పలికెను. నీరు లేనినాడు పంచుకొందమనుట సులభము. నీరు వచ్చిననాడు ఇది నాదియనుట మానవ స్వభావము. బోరు యజమానులలో ఒకరు రెండెకరములు వరి నాటెను. పిల్లలకు ఇంటి బియ్యము తినిపింపవలెనని ఆయన కోరిక. ఊరిలో పెద్ద రగడ జరుగునని భయపడితిమి. మేము ఆయనతో మాటలు మానలేదు. మోటారు తీగలు కోయలేదు. ప్రతి ఆదివారము నీటిమట్టమును త్రాడుతో కొలిచి, రచ్చకట్ట ప్రక్క గోడపై బొగ్గుతో వ్రాసితిమి. మార్గశిరమునుండి ఫాల్గుణమువరకు ఆ గీతలు క్రిందికి దిగుట బడికి పోవు పిల్లలు సయితము చదివిరి. మరుసటి యేట ఆయన వరిని ఒక ఎకరమునకు తగ్గించెను. మానలేదు. మేమును బలవంతపెట్టలేదు. గోడమీద గీతలు మాత్రము ఇప్పటికిని వ్రాయుచున్నాము.

ఇప్పుడు మా లెక్క ఎట్లున్నదో చెప్పవలెను. నూట ఎనుబది ఎకరములలో వేరుశనగ నూటికి దిగినది. దానిని మేము విడువలేదు, విడువము. మా కదిరి పరిశోధనా కేంద్రమువారు వెలువరించిన కదిరి-6 వంటి రకములు మావద్ద కలవు. కాని ప్రతి చేనిలోను కంది సాళ్ళు, చుట్టును జొన్నయో సజ్జయో వేయుచున్నాము. మిగిలిన నేలలో కొర్ర, రాగి, ఉలవ, పశువుల మేత. జూలై దాటి పదునుపడిన యేట మొండిగ కాయ విత్తక, ఉలవ చల్లి ఊరుకొనుట మరల నేర్చుకొంటిమి. తాళములు పడిన పదునాలుగు ఇండ్లలో తొమ్మిది తెరచుకొన్నవి. ఐదు తెరచుకొనలేదు. ఆ ఐదింటి ముంగిట గడ్డి మొలచినది. ఆ వాకిండ్లను చూచినప్పుడు మా జమాఖర్చులో ఖర్చు ప్రక్కనున్న అంకె మాకు కనిపించును.

కష్టములు తీరలేదు. కొర్రను దంచి బియ్యము చేయుట ఆడవారి రెక్కలు విరుచు పని. మా ఆడపడుచులు తిన్నగనే అడిగిరి : "పాతపంట గొప్పదని మగవాళ్ళు మాట్లాడతారు, రోకలి మాత్రం మా చేతికిస్తారా?" ఇది న్యాయమైన ప్రశ్న. మర యున్న చోటికి మూటను బండిమీద పంపుటకు ఖర్చగును. చిన్నధాన్యపు మర దగ్గర లేనిచో కొర్ర చేనిలో పెరిగినను కంచమునకు చేరదు. ధర సంగతియు అట్టిదే. 2024-25 లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి కలవు. రాగికి క్వింటాలుకు 4,290 రూపాయలు. కొర్రకు ఆ జాబితాలో చోటు లేదు. 2023 వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ జరిపినది. పట్టణపు అంగళ్ళలో కొర్రలు అందమైన సంచులలోనికి ఎక్కినవి. ఆ సంచిమీది ధరకును, మా కళ్ళములోని ధరకును నడుమ ఎంతయో దూరమున్నది. ఆ దూరమును తగ్గించుట మా పల్లెకు ఒంటరిగ సాధ్యము కాదు.

కావున వినుచున్న పట్టణపు గృహిణులకు మా మనవి ఒకటి. మీరు నెలకు రెండు కిలోల కొర్రలో రాగులో కొనునప్పుడు, వీలైనచో రైతు సంఘములవద్ద కొనుడు. జాలితో కొనవలదు. వంటకు కుదిరినదా లేదా, రాయి తగిలినదా లేదా చెప్పి మరీ కొనుడు. మంచి గింజకు మంచి ధర అడుగు హక్కు మాకును, మంచి గింజను అడుగు హక్కు మీకును కలవు. మా వంటి మెట్టపల్లెల రైతు సోదరులకు మరియొక మనవి. మీ ఊరి వాన ఎంత, నేలలోనికి దిగునది ఎంత, పైకి తోడునది ఎంతయను లెక్క ఒకసారి రచ్చకట్టమీద వేసి చూడుడు. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. మా ఊరిలో ఏడవ తరగతి చదువు బాలిక ఆ లెక్కను మాకంటె వేగముగ చేసినది.

అవ్వ పోయిన మాఘమాసమున కాలము చేసినది. పట్నమునుండి వచ్చిన కొడుకు ఇల్లు సర్దుచు, అటుకమీది సొరబుఱ్ఱను చూచి ఏమి చేయవలెనని అడిగెను. దానిలో మూడు సోలల కొర్రలుండెను. వానిని ఊరుమ్మడి కుండలో పోసి, ఆమె పేరిట జమ వ్రాసితిమి. ఈ యేడు ఆరుద్రలో పదునుపడిన వెంటనే మొదట గొఱ్ఱు కట్టవలసినది ఆమె ఎకరమున్నరలోనని నిశ్చయించుకొంటిమి. ఆమె కొడుకు సెలవుపెట్టి విత్తుటకు వత్తునని చెప్పి పోయినాడు. వచ్చునో రాడో చూడవలెను. వాన కొరకు చూచినట్లే అతని కొరకును చూచుచున్నాము.